అప్‌డేట్: లాగిన్ బటన్ ఐడీ మారితే 43 టెస్టులు పోయాయి అన్నానుగా, దాని సంగతి

పోయిన నెల అడిగింది నేనే, డెవలపర్లు లాగిన్ బటన్ ఐడీ మార్చగానే మా సెలీనియం (బ్రౌజర్‌ని ఆటోమేటిక్‌గా నడిపించే టూల్) టెస్టులు 43 ఒకేసారి ఫెయిలయ్యాయి ఏం చెయ్యాలి అని. పేజ్ ఆబ్జెక్ట్స్ (ఒక్కో వెబ్ పేజీకి ఒక్కో క్లాసు) పెట్టుకో అన్నారు, పెట్టా. ఇప్పుడు లొకేటర్లన్నీ (బటన్లు, బాక్సుల్ని పేజీలో వెతికి పట్టుకునే ఐడీల్లాంటివి) లాగిన్‌పేజ్ క్లాసులో ప్రైవేట్‌గా ఉన్నాయి, టెస్టుకి కనపడేది ఒక్క మెథడే. మొన్న మళ్ళీ ఐడీ మార్చారు (ముందు చెప్తారా? చెప్పరు), బెంగళూరు బెళ్ళందూరు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చునే ఒక్క లైన్ మార్చి పుష్ చేశా.

కాకపోతే మధ్యలో బోర్లా పడ్డా. ఇన్‌హెరిటెన్స్ (తల్లి క్లాసులో ఉన్నవి పిల్ల క్లాసులకీ వచ్చేయడం) ఉంది కదా అని వెయిట్లు, స్క్రీన్‌షాట్లు, డేట్ పికర్, ఆఖరికి కార్ట్ పాపప్ కూడా అన్ని పేజీలకీ తల్లి క్లాసైన బేస్‌పేజ్‌లోనే కుక్కేశా, కార్టే లేని హెల్ప్ పేజీకి కూడా యాడ్‌టుకార్ట్ వచ్చి కూర్చుంది. మా లీడ్ మన నెల్లూరావిడే, చూసి "ఏంటయ్యా ఇది, చెత్తబుట్టా?" అంది. ఇప్పుడు డేట్ పికర్, కార్ట్ వేరే క్లాసులు, కావాల్సిన పేజీ వాటిని ఫీల్డుగా పెట్టుకుంటుంది. అసర్షన్లు (ఫలితం సరిగ్గా వచ్చిందా అన్న చెక్‌లు) టెస్టుల్లోనే ఉంచా, సెలీనియం డాక్స్‌లోనూ అదే ఉంది, పేజీ సరిగ్గా లోడయిందా అన్న చెక్ మాత్రం పేజ్ క్లాసులో ఉండొచ్చంట.

ఇంకా 2 ఫ్లేకీ (ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే) టెస్టులు సతాయిస్తున్నాయి, థ్రెడ్ స్లీప్ (ఊరికే ఇన్ని సెకన్లని ఆగడం) పీకేసి ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (కావాల్సింది జరిగేదాకానే ఆగడం) పెట్టి చూస్తా.