వర్క్‌హౌస్, పెనిటెన్షరీ: రెండింటికీ వేర్వేరు తెలుగు మాటలు కావాలి

గర్భనిరోధక ప్రచారం చేసి జైలుకెళ్లిన తొలితరం కార్యకర్తల మీద ప్రదర్శన ఫలకం రాస్తున్నాను. పరిమితి 60 పదాలు, ఫుట్‌నోట్‌కు చోటు లేదు.

విషయం ఇది. 1916 అక్టోబరు 16న న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో మార్గరెట్ శాంగర్, ఆమె చెల్లెలు ఎథెల్ బర్న్, ఫానియా మిండెల్ గర్భనిరోధక క్లినిక్ తెరిచారు. పది రోజులకే పోలీసులు దాడి చేశారు. 1917 జనవరిలో ఎథెల్‌కు 30 రోజుల శిక్ష పడింది; బ్లాక్‌వెల్స్ ద్వీపంలోని వర్క్‌హౌస్‌లో నిరాహారదీక్ష చేస్తే గొట్టంతో బలవంతంగా ఆహారం ఎక్కించారు. మార్గరెట్‌కూ 30 రోజులే, కానీ గడిపింది క్వీన్స్ కౌంటీ పెనిటెన్షరీలో. మిండెల్‌కు 50 డాలర్ల జరిమానా మాత్రమే, కాబట్టి ఆమెతో చిక్కు లేదు.

రెండింటినీ ‘జైలు’ అంటే అక్కచెల్లెళ్లు ఒకేచోట ఉన్నారనుకుంటారు. వర్క్‌హౌస్‌కు ‘పనిగృహం’ అని రాస్తే చదివినవాళ్లు కుట్టుపని కేంద్రమా అన్నారు. ‘పేదల శరణాలయం’ ఇంగ్లండ్ వర్క్‌హౌస్‌కు సరిపోతుంది గానీ ఇక్కడిది చిన్న నేరాలకు కొద్దిపాటి శిక్ష పడినవాళ్లను ఉంచే చోటు. ‘కఠిన కారాగారం’ అంటే మన కోర్టు భాషలో శిక్ష రకం గుర్తొస్తుంది, అది మరీ తప్పుదోవ. పెనిటెన్షరీకి ‘కారాగారం’ ఖాయం చేసుకున్నాను. వర్క్‌హౌస్‌ను తెలుగు లిపిలో అలాగే ఉంచితే పదో తరగతి పిల్లలకు అర్థం కాలేదు.

‘కారాగారం’ పక్కన తేడా తెలిసేలా, రెండు మూడు పదాలు మించకుండా, ఈ వర్క్‌హౌస్‌ను తెలుగులో ఏమనాలి?