సారా వ్యతిరేక ఉద్యమం: రాత్రి బడికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. 1992 నాటి నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఒక్క దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

తాగుడు బాధ ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. మరి ఆడవాళ్లు అప్పుడే ఎందుకు కదిలారు? బాధ ఒక్కటే చాలదు, కూడే చోటు, పరిచయాలు, వనరులు కావాలని 1977లో మెకార్తీ, జాల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్టులు రాశారు. ఉద్యమం మొదలైన దూబగుంట ఊళ్లో ఆ చోటు అక్షరాస్యత తరగతులేనని నాకు అనిపిస్తోంది. అక్కడి వాచకంలో సారా గురించిన సీతమ్మ కథ చదివి, ఇది మన ఊరి కథే కదా అనుకున్నారట. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు.

మా అమ్మమ్మకు చదువుకంటే, సారా ప్యాకెట్ల బస్తా రోడ్డు మీద పోసి కాళ్లతో తొక్కిన రోజే బాగా గుర్తు. అది చెబుతుంటే ఇప్పటికీ గొంతు వణుకుతుంది. అందుకే నా వాదన మీద అనుమానం, కాస్త టెన్షన్ కూడా.

మీ ఇంట్లో ఆ తరగతులకు వెళ్లినవాళ్లు ఉంటే, పాఠం అయ్యాక ఏం మాట్లాడుకునేవారో అడిగి చెప్పగలరా? పాత వాచకం దాచినవాళ్లుంటే ఆ పాఠం ఫోటో పెట్టండి. అప్పటి పేపర్ల జిల్లా పేజీలు ఏ లైబ్రరీలో దొరుకుతాయో కూడా చెప్పండి, దయచేసి.