పాలకు మద్దతు ధర అడగాలా, మరేదైనా అడగాలా?

పాడిరైతు:

నాకు పదకొండు ఆవులు. ఏడు పాలిస్తున్నాయి, మూడు చూడివి, ఒకటి వట్టిపోయింది. ఎనిమిది నెలలుగా పాల డబ్బు చేతికి వస్తున్నా దాణా బాకీ తీరడం లేదు. పాల ధర రెండుసార్లు తగ్గించారు. దాణా బస్తా ధర మాత్రం ఒక్కసారీ తగ్గలేదు.

నలభై మంది రైతులం కలిసి ప్రభుత్వానికి వినతిపత్రం రాస్తున్నాం. ‘పాలకు కనీస మద్దతు ధర ప్రకటించాలి’ అని మొదటి వాక్యం రాశాక కలం ముందుకు సాగలేదు. ధర నచ్చకపోతే ధాన్యాన్ని కొన్నాళ్లు గాదెలో ఉంచుకోవచ్చు. పాలు పూట దాటితే నిలవవు. గిట్టుబాటు లేదని పిండడం మానలేం. మొన్న నాకు జ్వరం వచ్చి పాలు తీయడం ఆలస్యమైతే, పెద్దావు పొదుగు రాయిలా బిగుసుకుపోయి, వెనక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. ముట్టుకుంటే వణికింది. ఇలాంటి సరుకుకు మద్దతు ధర ఎలా అమలు చేస్తారు? ఇతర దేశాల్లో ఏం జరిగింది? ఆదివారం సంతకాలు పెట్టాలి, తెలిసినవారు చెప్పండి.

పాల పొడి కర్మాగారంలో పనిచేసినవాణ్ని:

పాడిరైతు గారూ, ఆ మొదటి వాక్యాన్ని అలాగే ఉంచకండి. ప్రభుత్వం పాలు కొనదు, కొన్నా దాచలేదు. అది కొనేది వెన్న, పాల పొడి, చీజ్. అమెరికాలో 1949 చట్టం కింద దశాబ్దాల పాటు ఇదే జరిగింది. ఫలానా ధరకు ఎంత సరుకైనా ప్రభుత్వం కొంటుందన్న భరోసా ఉంటే కర్మాగారాలు రైతుకు కాస్త మంచి ధర ఇవ్వగలవని లెక్క. మద్దతు ముందు చేరేది కర్మాగారానికని గుర్తుంచుకోండి. అక్కడి నుంచి రైతు దాకా ఎంత దిగుతుందన్నది బేరం మీద ఆధారపడుతుంది. ఇరవై రెండేళ్లు ఆ లోపలే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

రెండో చిక్కు ఇంకా పెద్దది. 1977లో అక్కడ మద్దతు స్థాయి పెంచారు. పాలు పొంగాయి, గిడ్డంగులు నిండాయి. 1981 డిసెంబరులో రీగన్ ప్రభుత్వం నిల్వ ఉన్న చీజ్‌ను పేదలకు ఉచితంగా పంచింది. 1986లో, మందను మొత్తం వదిలించుకుని అయిదేళ్లు పాడి చేయనని ఒప్పుకున్న రైతులకు డబ్బిచ్చింది. యూరప్‌లోనూ వెన్న గుట్టలు పేరుకుని, 1984లో పాలకు కోటాలు, అంటే ఇంతకు మించి పోయకూడదన్న పరిమితులు, పెట్టారు. వాటిని ఎత్తేసింది 2015లో.

ధర పడితే రైతు పాలు తగ్గిస్తాడని పుస్తకాల్లో ఉంటుంది. వాయిదా కట్టాల్సిన రైతు ఇంకో ఆవును కట్టుకుని మరో నాలుగు క్యాన్లు పోయడానికే చూస్తాడు. పైగా ఈ రోజు పుట్టిన పెయ్య పాలివ్వడానికి రెండేళ్ల పైనే పడుతుంది. నేటి పాలు ఎన్నడో తీసుకున్న నిర్ణయాల ఫలితం.

అందుకే ధరను కాకుండా, పాల ధరలోంచి మేత ఖర్చు తీసేస్తే మిగిలేదానికి రక్షణ అడగండి. అమెరికాలో 2018 చట్టంతో ఈ పద్ధతి ఇప్పటి రూపానికి వచ్చింది. దేశవ్యాప్త పాల ధరకూ, మొక్కజొన్న, సోయా పిండి, ఎండుమేత ధరలతో కట్టిన ఖర్చుకూ మధ్య తేడా రైతు ఎంచుకున్న హద్దు కన్నా తగ్గితే పరిహారం ఇస్తారు. ఇది బీమా లాంటిది, రైతు ప్రీమియం కట్టాలి. 2018లో ఆ చట్టం ఒక్కో డెయిరీకి ఏటా మొదటి యాభై లక్షల పౌన్ల పాలకు ప్రీమియం తక్కువగా పెట్టింది. చిన్న మందకు అదే పెద్ద ఊతం. మీ కష్టం కూడా అదే కదా, పాల ధర ఒక్కటే కాదు, దాణా!

మందను అమ్ముకున్నవాణ్ని:

తమ్ముడూ, లెక్క ఏదైనా సరే, గడువు రాయించు. మాకు సాయం ప్రకటించారు, నిజమే. దరఖాస్తు, తనిఖీ, జాబితా అంటూ తొమ్మిది నెలలు తిప్పారు. డబ్బు వచ్చేసరికి కొట్టం ఖాళీ. చివరి ఆవును పట్టుకెళ్లిన మనిషి తలుగు విప్పి గుంజకే వదిలేశాడు, ఇప్పటికీ తీయలేదు నేను. తేడా హద్దు కిందికి పడిన నెలలోనే, దరఖాస్తుతో పని లేకుండా డబ్బు పడాలని రాయండి.

ఇంకో పాడిరైతు:

కెనడాలో లాగా కోటా అడిగితే ఎలా ఉంటుంది? ఎంత పాలు కావాలో లెక్కగట్టి అంతే ఉత్పత్తి చేస్తారు కాబట్టి ధర నిలుస్తుంది.

పాల పొడి కర్మాగారంలో పనిచేసినవాణ్ని:

ధర నిలుస్తుంది, నిజమే. కానీ కోటాకే ఒక విలువ పుట్టి, ఆవుల కన్నా కోటా ఖరీదవుతుంది. కొత్తగా పాడి పెట్టాలనుకునే కుర్రవాడు దాన్ని కొనాలంటే మొదటి రోజునే అప్పులో మునుగుతాడు. నేనైతే అడగను.

పాడిరైతు:

అందరికీ కృతజ్ఞతలు. మొదటి వాక్యం మార్చాం. పాల ధరకూ మేత ఖర్చుకూ మధ్య తేడా తగ్గినప్పుడు పరిహారం, ఒక్కో రైతుకు పరిమితి వరకే, అదే నెలలో నేరుగా ఖాతాలోకి. పరిమితి ఎంత ఉండాలన్న దానిపై రాత్రి గట్టిగానే వాదించుకున్నాం, ముప్ఫై ఆవులున్న ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. దాణా రశీదులు దాచుకున్నవాళ్లంతా ఆదివారం తీసుకురావాలని కబురు పెట్టాను. నావి ఎనిమిది నెలలవీ ఉన్నాయి. రెండు తడిసి అక్షరాలు చెదిరాయి, వాటికి నకళ్లు అడగడానికి ఇప్పుడే బయలుదేరుతున్నాను.