డెల్ఫ్ట్ ఆయిల్ పెయింటింగ్: కాలువలో ప్రతిబింబాలు కుదరడం లేదు

గౌతమి_గట్టు:
నమస్కారమండీ. డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1660-61 ప్రాంతంలో వేసిన, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగర దృశ్యం అంటే నాకు ప్రాణం. ఇప్పుడు ఉండేది ఆ ఊళ్లోనే కాబట్టి, ఆయన చూసిన వైపు నుంచే, హోయికాడె గట్టు మీద కూర్చుని స్కెచ్ చేసుకున్నాను. ఇంట్లో కాన్వాస్ మీద ఆకాశం, ఊరు ఒక దారికొచ్చాయి. నీళ్ల దగ్గరే ఆగిపోయాను. భవనాల్ని ఉన్నదున్నట్టు తిరగేసి వేస్తే కింద ఇంకో ఊరు వేలాడుతున్నట్టుంది. మసకగా వేస్తే అసలు నీళ్లే అనిపించడం లేదు. ఇంకో సందేహం: చర్చి శిఖరం అప్పటిది వేయాలా, ఇప్పటిదా?

కుంచె_మాస్టారు:
ముందు హేగ్ వెళ్లి మౌరిట్స్‌హౌస్‌ మ్యూజియంలో అసలు బొమ్మ ముందు నిలబడండి. మీకు పక్క ఊరే కదా. అచ్చు బొమ్మ చూసి నీళ్లు నేర్చుకోలేం.

కుడివైపు రోటర్‌డామ్ గేటు (పాత ఊరి ప్రవేశద్వారం) జంట బురుజుల ప్రతిబింబం చూడండి. వెర్మీర్ దాన్ని మొదట పొట్టిగా వేసి, తర్వాత కిందికి బాగా సాగదీశాడని ఎక్స్‌రేలో తేలింది. కొలతకు కొలత అద్దంలా వేయలేదు. అవతలి ఊరిని ఇవతలి గట్టుకు కలిపేది ఆ చీకటి పట్టీయే. గట్టు మీద కుడివైపు ఒక మనిషిని కూడా వేసి తీసేశాడు. నీళ్లకు ఖాళీ వదలడానికే తీసేశాడని నా నమ్మకం.

మీరూ గోడల అంచుల్ని నిలువుగా కిందికి లాగండి. కిటికీలు, ఇటుకలు వదిలేయండి. పైన తెల్లగా ఉన్నది నీళ్లలో కాస్త ముదురుగా, ముదురుది కాస్త లేతగా రావాలి. రంగు తడిగా ఉండగానే పొడి ఫ్యాన్ బ్రష్‌తో అడ్డంగా, తేలిగ్గా ఒక్కసారి తుడవండి. ఆరాక సన్నని లేత గీతలు కొన్ని అడ్డంగా వేయండి. అక్కడితో ఆపేయాలి, ఎక్కువైతే పాడవుతుంది.

ఇంకోటి. వెర్మీర్ ముందున్న ఇళ్లను మబ్బు నీడలో ఉంచి, వెనకనున్న కప్పుల మీద, చర్చి మీద ఎండ పోశాడు. మీ ఊరంతా ఒకే వెలుగులో ఉంటే నీళ్లు ఎంత బాగా వేసినా బొమ్మ పండదు.

శిఖరం సంగతి: 1872లో పిడుగు పడి పాతది కాలిపోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. బొమ్మలోని ఊరి గేట్లనూ 19వ శతాబ్దంలోనే పడగొట్టారు. వేస్తే అన్నీ అప్పటివి వేయండి, లేదా అన్నీ ఇప్పటివి. రెండూ కలపొద్దు.

లిన్సీడ్_లక్ష్మి:
మాస్టారు చెప్పినదానికి ఒక మాట. నీళ్లలో టైటానియం వైట్ ఎక్కువైతే సున్నం కొట్టినట్టు చల్లబడిపోతుంది. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ కలిపిన బూడిదరంగుతో మొదలుపెట్టండి. కింది పొరలో టర్పెంటైన్, పైకి వెళ్లేకొద్దీ నూనె. గ్లేజ్ (పలుచని పారదర్శక రంగు పొర) వేసేముందు కింది పొర పూర్తిగా ఆరాలి, మీ చలిలో టైమ్ పడుతుంది, తొందరపడకండి. వార్నిష్ కనీసం ఆరు నెలల తర్వాతే.

గౌతమి_గట్టు:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఇప్పటి ఊరే వేస్తాను, ఇప్పటి శిఖరంతోనే. గేట్లు లేవు కాబట్టి ఆ చీకటి పట్టీ ఎక్కణ్ణుంచి తేవాలో చూడాలి. గట్టున ఎప్పుడూ ఒక సరుకు పడవ కట్టేసి ఉంటుంది, నల్లటి ఒళ్లు. దాని నీడని సాగదీస్తే సరిపోతుందా మాస్టారూ?

కుంచె_మాస్టారు:
భేషుగ్గా సరిపోతుంది. పడవను మధ్యలో పెట్టకండి, కుడివైపుకు జరపండి. వేశాక ఫోటో ఇక్కడ పెట్టండి.