షోలా అడవి మసక వెలుతురులో నీలగిరి త్రష్‌కు ఫోకస్ కుదరడం లేదు

కొడైకెనాల్ వైపు సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న షోలా అడవిలో (కొండ లోయల్లో పెరిగే దట్టమైన సతత హరిత అడవి), ఉదయం ఆరున్నర ప్రాంతంలో, రాలిన ఆకులను ముక్కుతో తిరగేస్తూ పురుగులు ఏరుకునే నీలగిరి త్రష్‌ను ఫొటో తీయడానికి ప్రయత్నిస్తున్నాను. గోధుమ వన్నె ఒంటి మీద నల్లని నెలవంక గీతలున్న ఈ బిడియపు పిట్ట, అలికిడి అయితే చాలు, బిగుసుకుని నిలబడి ఆకుల్లో కలిసిపోతుంది. 400 ఎంఎం లెన్సుతో ఎఫ్/5.6 (లెన్సు రంధ్రం అమరిక), ఐఎస్ఓ 6400 (వెలుతురును పట్టే సున్నితత్వం) పెట్టినా షట్టర్ వేగం 1/60 సెకను దాటడం లేదు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) వాడి, ఆటోఫోకస్‌ను ఒకే బిందువుకు పరిమితం చేసినా ముందున్న ఫెర్న్ ఆకులకే ఫోకస్ పడుతోంది. ఫ్లాష్ వేయడం, కూత రికార్డు వినిపించి పిట్టను రప్పించడం నాకు సమ్మతం కాదు, గూళ్లు కట్టే కాలంలో అయితే అసలే కాదు. ఇటువంటి చోట మాన్యువల్ ఫోకస్‌కు మారడమే మేలా, లేక ఆటోఫోకస్‌నే వేరే అమరికతో దారికి తేవచ్చా?