చిన్నప్పటి కోతి లెక్కల గేమ్ పేరు ఎవరికైనా గుర్తుందా? మా పాపకి పనికొస్తుందా?

నెల్లూరు_అమ్మాయి:
మేం బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం. పాప మూడో తరగతి. ఎక్కాలంటే చాలు టెన్షన్, ఏడెనిమిదులు ఎంత అని అడిగితే ఆలోచించడం మానేసి నా మొహం చూస్తుంది. నాకేమో ఎండాకాలం సెలవుల్లో పెద్దమ్మ వాళ్ళింట్లో ఆడిన ఒక టీవీ గేమ్ గుర్తొస్తోంది. పసుపు రంగు క్యాసెట్, పడకపోతే దాన్ని తీసి ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. తీగలు పట్టుకుని ఎక్కే కోతి, అంకెలు ఏరుకుంటుంది. అన్నయ్యా నేనూ పోటీ పడేవాళ్ళం. నాకు లెక్కలంటే భయం పోయింది ఆ గేమ్ వల్లే అని నిజంగా నమ్ముతాను. పేరేంటి? ఇప్పుడు దొరుకుతుందా?

క్యాసెట్_బాబాయ్:
డాంకీ కాంగ్ జూనియర్ మ్యాథ్ అండీ. నింటెండో వాళ్ళది, 1983 డిసెంబర్‌లో జపాన్‌లో వచ్చింది. మన ఇళ్ళలో ఉన్నవి ఫ్యామికామ్ అనే వాళ్ళ టీవీ గేమ్ మిషన్‌కి కాపీలు, అందుకే ఆ క్యాసెట్లలో ఇదీ వచ్చేసేది. పైన గొరిల్లా ఒక సంఖ్య చూపిస్తుంది, మీరు తీగలెక్కి అంకె, గుర్తు, మళ్ళీ అంకె పట్టుకుంటూ సరిగ్గా ఆ సంఖ్యకి చేరాలి. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. మామూలుగా 4 × 6 ఎంత అని అడుగుతారు, ఇది 24 ఇచ్చి ఎలా వస్తావో నువ్వే చూసుకో అంటుంది, దారులు బోలెడు. ఒక్కరే ఆడితే మాత్రం చప్పగా ఉంటుంది, రెండో కోతి ఊరికే నిలబడి ఉంటుంది. మీ బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్.పి. రోడ్‌లో పాత టీవీ గేమ్ మిషన్లు అడిగి చూడండి, కానీ క్యాసెట్‌లో ఈ గేమ్ ఉందో లేదో అక్కడే పెట్టించి చూసుకుని కొనండి.

లెక్కల_టీచర్_బీటీఎం:
ఎక్కాలే సమస్య అయితే నంబర్ మంచర్స్ అనే కంప్యూటర్ గేమ్ చూడండమ్మా. అమెరికాలో మిన్నెసోటాకి చెందిన మెక్ (MECC) అనే విద్యా సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ళు 1986లో ఆపిల్ టూ కంప్యూటర్‌కి చేసింది, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లో బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. ముప్పై గళ్ళుంటాయి, పైన 7 గుణిజాలు అని ఉంటే పచ్చబొమ్మని నడిపించుకుంటూ 14, 35, 56 లాంటివి మాత్రమే తినిపించాలి, 54 తినిపిస్తే ఒక ప్రాణం పోతుంది. ఈలోగా ట్రాగుల్స్ అనే రాక్షసులు గళ్ళలోకి వస్తుంటాయి. కారణాంకాలు, ప్రధాన సంఖ్యలు కూడా ఉన్నాయి, అవి తర్వాత.

టక్స్‌మ్యాథ్ అనే ఇంకో కంప్యూటర్ గేమ్ కూడా ఉచితమే, మంచిదే. కానీ అందులో లెక్కలు మోసుకుంటూ తోకచుక్కలు పైనుంచి పడుతుంటాయి, కిందికి చేరేలోపు జవాబు టైప్ చేయాలి. భయపడే పిల్లకి ఇప్పుడే ఆ తొందర వద్దు. ఇంకో మాట, ఈ గేములు వచ్చిన లెక్కని గట్టి చేస్తాయి, రాని లెక్కని నేర్పవు. ఏడు ఎనిమిదిసార్లు అంటే ఏమిటో ముందు చింతగింజలు పేర్చి చూపించండి.

క్యాసెట్_బాబాయ్:
టీచర్ గారు చెప్పింది నిజం. మిషన్ దొరక్కపోతే కాగితంతోనే ఆడించండి. 1 నుంచి 9 దాకా చీటీలు రెండు సెట్లు, గుర్తులు కొన్ని, తలుపు మీద సంఖ్య రాసి అంటించడం. మీరే రెండో కోతి అవ్వాలి.

నెల్లూరు_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. ఆదివారం చీటీలతో ఆడాం. తలుపు మీద 24 పెట్టాను, 3 × 8 తీస్తుందనుకున్నా. అది చాలాసేపు నేల మీద బోర్లా పడుకుని చీటీలు జరుపుతూ కూర్చుంది, నేను నోరు మూసుకుని ఉండడానికి చాలా కష్టపడ్డాను. చివరికి 5 × 5 − 1 పెట్టి, ఇది ఒప్పేనా అమ్మా అని కూడా అడక్కుండా, తలుపు దగ్గరికి పరిగెత్తి ఆ 24 చించేసింది. ఈసారి 56 పెడతాను.