ప్రోటీన్ స్ఫటికాలు సూదుల్లాగే వస్తున్నాయి, థీసిస్‌కు ఎనిమిది నెలలే గడువు

నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతూ స్ట్రక్చరల్ బయాలజీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్‌లో మూడో చాప్టర్ మొత్తం ఒక్క ప్రోటీన్ నిర్మాణం మీదే ఆధారపడి ఉంది. ఎక్స్‌రేతో ఆ నిర్మాణం చూడాలంటే లావుపాటి విడి స్ఫటికం కావాలి, అక్కడే పని కదలడం లేదు.

ప్రోటీన్ 28 కిలోడాల్టన్లు, హిస్ ట్యాగ్ (శుద్ధి కోసం తగిలించిన హిస్టిడిన్ల తోక) ఉంది. నికెల్ కాలమ్, తర్వాత జెల్ ఫిల్ట్రేషన్‌తో శుద్ధి చేశాను. జెల్ మీద ఒకటే బ్యాండ్. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, హ్యాంగింగ్ డ్రాప్ (గాజు మూత కింద ప్రోటీన్ చుక్కను వేలాడదీసే పద్ధతి). కింది గుంటలో, అంటే వెల్‌లో, 0.2 మోలార్ అమ్మోనియం సల్ఫేట్, 20 శాతం పెగ్ 3350 (ప్రోటీన్‌ను ద్రావణం నుంచి బయటికి నెట్టే పాలిమర్), పీహెచ్ 7.5. నాలుగో రోజుకల్లా స్ఫటికాలు వస్తాయి, కానీ అన్నీ సూదులే. మైక్రోస్కోప్‌లో చూస్తే కొబ్బరి ఈనెల చీపురు విప్పినట్టు ఒకే చోటి నుంచి విచ్చుకుని ఉంటాయి. ఒక్కదాన్ని విడదీయబోతే ముక్కలైపోతుంది.

పెగ్‌ను 14 నుంచి 24 దాకా రెండేసి శాతం మార్చి చూశాను. ప్రోటీన్‌ను 5కి తగ్గిస్తే చుక్కలో ఏమీ రాలేదు. మైక్రోసీడింగ్ (పాత స్ఫటికాల పొడిని విత్తనంగా వేయడం) రెండుసార్లు చేశాను, సూదులు పెరిగాయి తప్ప లావెక్కలేదు. మొదట ఎండల మీద అనుమానపడ్డాను. మే నెలలో కరెంటు పోతే గది 20 డిగ్రీల నుంచి 31కి వెళ్లేది. ఇప్పుడు కూలింగ్ ఇంక్యుబేటర్‌ను 18 దగ్గర పెట్టి యూపీఎస్ కలిపాను, అయినా అదే తీరు. చెన్నై తీసుకెళ్లి ఎక్స్‌రేలో పెడితే రిజల్యూషన్ (చిత్రం స్పష్టత) 7 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే మెరుగవలేదు. అంత మసకలో అమైనో ఆమ్లాల సైడ్ చెయిన్లు కనపడవు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఇంకో రెండు బ్యాచ్‌లకే డబ్బుంది. ఇలాంటి సూదుల నుంచి బయటపడ్డవాళ్లు దయచేసి చెప్పండి: ముందు హిస్ ట్యాగ్ కోసేసి మళ్లీ స్క్రీనింగ్ (రకరకాల ద్రావణాల్లో పరీక్ష) పెట్టమంటారా, ట్యాగ్ ఉంచి ఎడిటివ్‌లు (చుక్కలో కొద్దిగా కలిపే అదనపు రసాయనాలు) ప్రయత్నించమంటారా?